పడుగు అవతలి దారి

రాజాంబాళ్‌కు ఎవరో పెట్టుమందు పెట్టారట. పోళీలో కలిపి పెట్టారట. అది పేగుకు అతుక్కుని లోపల చెట్టులా పెరుగుతోందట. ఎదురింటి వరదమ్మ ఈ సంగతి బావి దగ్గర చిన్నమణితో అంటే, చిన్నమణి చంకలో కడవ దించకుండానే వచ్చి పిల్ల తల్లి అమరావతి చెవిన వేసింది.

"కె.వి.కుప్పంలో ఒకామె ఉండాదంట. బొడ్డు మీద గొట్టం పెట్టి మందును పీకేస్తాదంట. వరదమ్మక్క చెప్పమనింది, చెప్పినాను. నా మీద కోపం పెట్టుకోబాకమ్మా."

అమరావతికి కోపం రాలేదు, లోపలికి పోయి పిల్ల కడుపు తడిమి చూసింది. పన్నెండేళ్ళ పిల్ల కొన్నాళ్ళుగా మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని మూలుగుతోంది. వాము నీళ్ళు తాగించారు, బొడ్డు చుట్టూ ఇంగువ పట్టు వేశారు, దిష్టి తీశారు. పోయిన ఏడు ఇదే గుడియాత్తంలో, పక్క వీధి మారి కొడుకు కూడా కడుపునొప్పి అంటూనే పోయాడు.

ఆమె మొగుడు ధనపాల్ మగ్గం దిగి తల్లీబిడ్డలను వేలూరికని రైలెక్కించి తానూ ఎక్కాడు. దారిలో కె.వి.కుప్పంలో బండి ఆగగానే సగం లేచాడు.

"దిగుదామా? ఆమెకొక మాట చూపించి పోదాం."

"మారి వాళ్ళు కూడా ఈడనే దిగినారు," అంది అమరావతి. "కూచో."

అతను కూచున్నాడు.

వేలూరు ఆడాళ్ళ ఆసుపత్రిలో కత్తి పెట్టి కొయ్యకుండా ఎవరినీ పంపరని వీధిలో ఒక మాట ఉంది. డాక్టరమ్మ దొరసాని. అరవం అచ్చు పుస్తకం చదివినట్టు మాట్లాడుతుంది. వచ్చీ రాగానే కడుపు మీద చెయ్యి వేస్తుందనుకుంటే, పిల్లను మంచం దింపి ఒంటికాలి మీద గెంతమంది. పిల్ల గెంతింది. జ్వరం వచ్చిందా, వాంతులయ్యాయా, నిద్రలో నొప్పికి లేస్తుందా, జట్కా కుదుపులకు ఏడ్చిందా అని అడిగింది.

"లేదమ్మా. గుర్రం తోక విసిరితే నవ్వింది కూడా."

డాక్టరమ్మ అరచేతులు రుద్దుకుని వెచ్చజేసుకుంది. ఇంట్లో మేకలున్నాయా, వాటి పేర్లేమిటి అని మాటల్లో పెట్టి, నొప్పి లేని వైపు నుంచి మెల్లగా నొక్కుతూ వచ్చింది. చూపు మాత్రం కడుపు మీద లేదు, పిల్ల మొహం మీద ఉంది. ఎడమ పక్క కిందికి వచ్చేసరికి వేళ్ళు ఆగాయి.

అమరావతి మంచం దగ్గరికి జరిగింది. "కొయ్యాల్నా తల్లీ?"

"పిల్ల రోజూ దొడ్డికి పోతోందా?"

"పోతాదమ్మా. నా వెనకాలనే వస్తాది."

రాజాంబాళ్ గోడకేసి చూసింది. ఆ చూపును డాక్టరమ్మ వదల్లేదు. తల్లిని కాసేపు బయట కూర్చోమంది.

బయట ధనపాల్ చౌడేశ్వరమ్మకు పొంగళ్ళు మొక్కుతున్నాడు. అతని మొక్కు పూర్తి కాకముందే నర్సు మేరి నవ్వు ఆపుకుంటూ వచ్చింది.

"లోపల మందూ లేదు, చెట్టూ లేదు. దొడ్డికి పోక గట్టిపడి కూచునుండాది, అంతే. కత్తి వేండామ్మా, అవసరం లేదు."

"యెందుకు పోకుండా ఉండాది?" అంది అమరావతి.

"మీ వీధిలో కోడి కూస్తానే మగ్గానికని వీధికి అడ్డంగా పడుగు నూలు సాపుతారంట కదా. ఏటిగట్టుకు పోవాలంటే దాని కింద దూరి పోవాలంట. కుంచెతో గంజి పట్టించేది పిల్లకు కాబోయే మొగుడంట. ఆయన ముందర చెంబు పట్టుకోని యెట్ల పోయేదని ఆపుకుంటాండాది. పోవాల్సొస్తాదని నీళ్ళు కూడా తాగడం లేదంట."

పడుగు ధనపాల్‌దే. కుంచె పట్టే వెంకటాద్రి అతని అక్క కొడుకు. అమరావతికి నవ్వొచ్చింది, నవ్వులోనే ఏడుపొచ్చింది. పెళ్ళైన నాటి నుంచి ఆ పోగుల కింద కొంగు కప్పుకుని దూరడం ఆమెకు అలవాటే. కూతురూ వెనకాలే వస్తోందనుకుంది. ఆ దారిలో ఏ ఆడదీ వెనక్కి తిరిగి చూడదు.

సబ్బునీళ్ళ ఎనిమాతో సాయంత్రానికి పిల్ల కడుపు తేలికపడింది. "అమ్మా, ఆకలి," అంది. ఆ మాటకు అమరావతి గుండెల మీంచి రోలు దించినట్టయింది.

బయల్దేరేటప్పుడు డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. నీళ్ళు బాగా తాగించాలి, ఆకుకూర, పళ్ళు పెట్టాలి. రోజూ అన్నం తిన్నాక తొందర పెట్టకుండా పంపాలి, తిట్టకూడదు. ఎప్పుడైనా నొప్పి కుడి పక్క కిందికి దిగి, వాంతులు, జ్వరం వచ్చి, పిల్ల నడవలేకపోతే మాత్రం ఆ పూటే తీసుకురావాలి.

"దారిలో యాడా దిగకుండా," అని మేరి కలిపింది.

ఇంటికి చేరిన మరునాటి సాయంత్రం పిల్లను చూడడానికని వరదమ్మ వచ్చింది. వాకిట్లో మగవాళ్ళు రేపటి పడుగు సంగతి మాట్లాడుకుంటున్నారు. ధనపాల్ గొంతు సవరించుకున్నాడు.

"రేపట్నించి ఆడోళ్ళు ఏటికి పోయి వచ్చినాకనే పడుగు సాపేది."

వీధి పెద్ద రామానుజం చుట్ట పక్కన పెట్టాడు. "ఎండెక్కితే గంజి ఎండిపోయి పోగులు తెగవా అప్పా? కింద దూరి పోతే ఆడోళ్ళు అరిగిపోతారా? మేమేమన్నా చూస్తామా?"

వరదమ్మ గడప దగ్గర నిలబడి అతని వంక చూసింది.

"అట్లయితే సరే నాయనా. రేప్పొద్దున ఆడోళ్ళమంతా వీధికి రెండు పక్కలా నిలబడతాం. మీరు ఒకరెనక ఒకరు చెంబు పట్టుకోని మా మధ్యలోంచి పోయి రాండి. మేమేమన్నా చూస్తామా?"