మూడో కర్ర

గుడిలోని వ్యాకులమాత విగ్రహానికి కట్టే లోపలి లంగాకు గంజి పెట్టి ఇస్త్రీ చేస్తోంది ఎడెల్మిరా. మధ్యాహ్నం మాతను ఊరేగించే ప్రదక్షిణం. వెనక బల్ల దగ్గర నల్లచిక్కుళ్లతో రొట్టె తింటున్న భర్త ఫుల్హెన్సియో, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అన్నాడు.

"మాత మూడో కర్రకు చెద పట్టినట్టుంది. ఈస్టర్ వెళ్లాక మార్పించాలి."

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

ఆ కొండ ఊళ్లో మాతకు బట్టలు మార్చే గదిలోకి మగపురుగు అడుగు పెట్టదు. ముఖమూ చేతులే చెక్కినవనీ, నడుము కింద ఒళ్లే లేదనీ, నాలుగు కర్రల మీద నిలబడి ఉందనీ ఆడవాళ్లకే తెలుసు. ఆ మాట కడుపులో పెట్టుకునే అత్తగారు పోయింది. "కర్రలని తెలిసీ మొక్కుతాం చూడు, అదే మన భక్తి" అనేదావిడ. ఆవిడ తర్వాత ఆ ఉతుకులూ కుట్లూ ఎడెల్మిరాకు వచ్చాయి. చలువరాయి మీద మోకాళ్లు అరిగాయి. ప్రదక్షిణ సంఘానికి పెద్ద మాత్రం ఫుల్హెన్సియో. "మా ఆవిడకేం పని, బొమ్మకు గుడ్డలు మారుస్తుంది" అని వచ్చినవాళ్లతో నవ్వుతూ చెబుతాడు. ఆ నవ్వు ఆమెకు అన్నం తింటుంటే రాయిలా తగిలేది.

తోడుండే ముసలమ్మలు పోయారు, ఆడపిల్లలు పట్నంలో ఉద్యోగాలకు పోయారు. నిరుడు సంఘం వాళ్లు ఒక మరమనిషిని తెచ్చారు. ఆడవాళ్లు కాదూ కూడదంటే, దానికి ఆడా మగా లేదు, దోషం లేదన్నాడు ఫాదర్. మగాళ్లు దాన్ని చెల్లెమ్మా అని పిలిచారు. బరువైన మఖ్మల్ వస్త్రాన్ని ఓపిగ్గా పట్టుకునేది. పోనుపోను ఎడెల్మిరా దానితో మనసు విప్పి మాట్లాడింది. మొగుడి మాటలు చెప్పుకుంది. దాని ముందు ఏడ్చింది కూడా.

ఇప్పుడు భర్త మాట వినగానే మాత లంగా చేత్తో పట్టుకుని గుడికి పరుగున వెళ్లింది. అక్కడ బట్టలు మార్చే గదిలో మాత పక్కనే చెల్లెమ్మ నిలబడి ఉంది.

"నీ కళ్లతో ఇంకెవరన్నా చూస్తారా?"

"చూస్తారు. బట్టలు మార్చే ప్రతిసారీ, సంఘం గదిలో తెర మీద. మీ భర్తగారే పెట్టించారు."

"నా మాటలూ వింటారా?"

"వింటారు. నవ్వుతారు."

ఎడెల్మిరాకు ఒళ్లంతా మండిపోయింది. సిగ్గుతో కాదు, కోపంతో. అబద్ధమాడనిది ఆ గదిలో యంత్రమొక్కటే. తల్లీ, నిన్నూ నన్నూ ఒకేసారి వలిచి చూశారే అనుకుంది. వంగి కర్రల్ని తడిమింది. మూడోది నల్లగా, నున్నగా ఉంది. అది ఏమిటో ఆమెకు తెలుసు.

బయట ఊదారంగు అంగీల్లో మగాళ్లు మాతను మోయడానికి కాచుకుని ఉన్నారు. ఆమె తలుపులు బార్లా తెరిచింది. కర్రల మీద నిలబడ్డ తల్లిని చూడగానే తెర మీద చూసినవాళ్లే తలలు దించుకున్నారు. ఫుల్హెన్సియో పరుగెత్తుకొచ్చాడు.

"పిచ్చి పట్టిందా? తలుపు ముయ్యి. ముందు బట్టలు కట్టు."

ఆమె లంగా అతని చేతుల్లో పెట్టింది.

"అది చెద కాదండీ. కట్టేటప్పుడు తల్లి ఒరిగిపోకుండా మీ అమ్మ, వాళ్లమ్మ, నేను పట్టుకుని పట్టుకుని నల్లబడ్డ చోటు. ఇవాళ మీరు పట్టుకోండి."