వీపు మీద చెయ్యి

డెర్క్ కారు నెత్తిన నీలిరంగు పలక ఉంటుంది, దాని మీద తెల్లటి ‘ఎల్’ అక్షరం. డ్రైవింగ్ నేర్పే మాస్టారి కారు అని ఆమడ దూరం నుంచి తెలిసిపోతుంది. అలాంటి కారులో కూర్చుని ఎవరినైనా రహస్యంగా వెంబడించాలనుకోవడం, మెళ్లో గంటతో మేక దొంగచాటుగా చేలో దిగినట్టే. అయినా సెప్టెంబరు చివరి నుంచీ డెర్క్ రోజూ పొద్దున్నే చేస్తున్న పని అదే. ముందు ఊరి పిల్లలు గుంపుగా సైకిళ్ల మీద, బాగా వెనకాల ఈయన కారులో. సంగతి ఊరందరికీ తెలుసు. తెలియదని నమ్ముతున్నవాడు ఆయనొక్కడే.

ఆ గుంపులో ఆయన కూతురు ఫెన్నా ఉంది. పన్నెండేళ్ల పిల్ల. పుట్టుకతో గుండెలో చిన్న రంధ్రం ఉంటే ఆరో ఏట ఆపరేషన్ చేయించారు. ఆ తర్వాత పిల్ల దిట్టంగానే పెరిగింది. గోడలెక్కింది, కాలువల్లో ఈదింది. డాక్టరమ్మ ఏటా చూసి, భేషుగ్గా ఉంది, శుభ్రంగా సైకిలు తొక్కించండి అని పంపేది. కానీ ఆపరేషన్ గది బయట తాను కూర్చున్న ఆ పొద్దును డెర్క్ మరిచిపోలేకపోయాడు. పిల్ల కాస్త ఆయాసపడితే చాలు, ఆయన గుండె ఝల్లుమనేది.

ఈ ఏడు ఫెన్నా ఊళ్లోని చిన్న బడి ముగించి గ్రోనింగెన్ పట్నంలోని పెద్ద బడికి మారింది. మధ్యలో పదిహేను కిలోమీటర్ల చదును నేల. కాలువలు, పచ్చిక, ఆవులు తప్ప గాలిని ఆపేది ఏదీ లేదు. పొద్దున వెళ్లేటప్పుడు ఆ గాలి సరిగ్గా మొహానికే కొడుతుంది. ఊరి పిల్లలందరూ ఆ దారినే తొక్కుకుంటూ పోతారు. వాళ్ల అమ్మానాన్నలూ అలాగే పోయారు, డెర్క్ కూడా పోయాడు. కానీ మాస్టారయ్యాక ఆయన సైకిలు షెడ్డులో పూలకుండీల వెనక్కి చేరింది. రొట్టెల అంగడికి కూడా కారులోనే వెళ్లేవాడు. ఆ అంగడి ఆయన వంటింటి కిటికీలోంచి కనిపిస్తూనే ఉండేది.

అందుకని మొదట్లో ఫెన్నాను ఆయనే దింపి వచ్చాడు. పిల్ల ఒళ్లు తడవకుండా, జుట్టు చెదరకుండా బడికి చేరేది. చేరి ఒక్కతే నిలబడేది. ఊరి పిల్లల స్నేహాలన్నీ దారిలోనే కుదిరిపోతున్నాయి. ఎవరిని హంస తరిమిందో, ఎవరి బూటు కాలువలో పడిందో ఈ పిల్లకేం తెలుసు? రొట్టెల డబ్బాలు తెరిచే వేళ పక్కవాళ్లు పగలబడి నవ్వుతుంటే, ఎందుకో తెలియక తనూ నవ్వేది. ఒకరోజు ఇంటికొచ్చి సంచి మూలకి విసిరింది.

“నాన్నా, రేపట్నుంచి నేను సైకిలు మీదే పోతా.”

“బయట గాలి చూశావా?”

“చూశా. అందరికీ అదే గాలి.”

“అందరికీ నీలాంటి గుండె కాదమ్మా.”

బంగాళాదుంపల చెక్కు తీస్తున్న హిల్కె కత్తి పక్కన పెట్టి మొగుడి వైపు తిరిగింది.

“డాక్టరమ్మేమో తొక్కించమంటుంది, నువ్వేమో కూర్చోబెడతానంటావు. ఇంతకీ మీ ఇద్దర్లో డాక్టరు ఎవరయ్యా?”

తల్లీ కూతురూ ఒకటైపోయాక ఆ ఇంట్లో డెర్క్ మాట చెల్లిన రోజు లేదు. చివరికి ఒక షరతు మీద దిగివచ్చాడు.

“సరే. కానీ ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు దారిలో ఆగిపోయావా, సైకిలు షెడ్డులోకి, నువ్వు కారులోకి. మళ్లీ వసంతం దాకా దాని ఊసెత్తకూడదు.”

ఫెన్నా తండ్రి అరచేతిలో ఫట్టుమని చరిచి ఒప్పుకుంది. వసంతం అంటే బడి సగానికి పైగా అయిపోయినట్టే. అప్పటికి ఎవరి గుంపులో వాళ్లు స్థిరపడిపోతారు. ఆ చిన్న బుర్రకు ఆ లెక్క బాగా తెలుసు.

డెర్క్‌కి మింగుడుపడని సంగతి ఇంకొకటుంది. ఆ పిల్లల గుంపుకి పెద్ద మెన్నో. పదిహేడేళ్లవాడు, వాసాల్లాంటి కాళ్లు, ఎప్పుడు చూసినా ఏదో ఒకటి నములుతూ ఉంటాడు. వాడు డెర్క్ దగ్గరే కారు నేర్చుకుంటున్నాడు, ఒకసారి పరీక్ష తప్పాడు కూడా. వాడిని తిట్టినన్ని తిట్లు డెర్క్ తన బతుకులో ఎవర్నీ తిట్టలేదు.

“ఒరేయ్, అద్దం చూశావా?”

“చూశా మాస్టారూ.”

“అందులో ఏం చూశావు, నీ మొహమా? సైకిలు వస్తోంది కనబళ్లేదా? తలుపు నీ ఎడంపక్కనున్నా సరే, కుడిచేత్తో తియ్యి, కుడిచేత్తో! ఎడంచేత్తో తీస్తే నీ చూపు ముందుకే ఉంటుంది. కుడిచెయ్యి చాపితే ఒళ్లు తిరుగుతుంది, కళ్లు వెనక్కి పోతాయి. ఆ వచ్చేది ఒకరి బిడ్డరా!”

అలాంటి పరధ్యానం మనిషి వెనకాల తన బిడ్డను పంపి ఇంట్లో కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. అందుకే ఈ వెంబడింపు. అక్టోబరంతా ఫెన్నా ఒక్క రోజూ ఆగలేదు. సాయంత్రం ఇంటికొచ్చి రొట్టె మీద చాక్లెట్ పలుకులు గుమ్మరించుకుని ముక్క మీద ముక్క లాగించేది. నోట్లో రొట్టె ఉన్నా కబుర్లు ఆగేవి కావు. డెర్క్ పైకి ముక్తసరిగా ఊకొట్టేవాడు కానీ, లోలోపల ఆశ్చర్యపోయేవాడు. అంత దూరం నుంచి ఆయనకు పసుపు, ఎరుపు వానకోట్లు తప్ప ఇంకేమీ ఆనేవి కావు. వాటి మధ్య ఏం జరుగుతోందో కారులో కూర్చున్నవాడికి తెలిసే దారి లేదు.

నవంబరులో తుపాను గాలి వచ్చింది. రాత్రంతా పెంకులు గడగడలాడాయి. తెల్లారేసరికి వాన పైనుంచి కురవడం మానేసి నేలకి అడ్డంగా పరుగెడుతోంది. “ఇవాళ్టికి కారులో” అని డెర్క్ నోరు తెరిచేలోగా ఫెన్నా సైకిలు గేటు దాటేసింది.

ఆ రోజు ఆయన దూరం పాటించలేకపోయాడు. వాన తెరలో పిల్లలు కనబడక బాగా దగ్గరికి వచ్చేశాడు. సీటు కింద వేడి, అద్దాల మీద వేడి. బయట తన పిల్ల గాలికి ఎదురీదుతోంది. ఆ వెచ్చదనం ఆయనకు సుఖమనిపించలేదు. మెన్నో అందరికంటే ముందు నిలిచి గాలిని తన రొమ్ము మీద తీసుకుంటున్నాడు. మిగతావాళ్లు వాడి వెనక ఏటవాలుగా వరుసకట్టి ఒకరి చాటున ఒకరు తొక్కుతున్నారు. ఆఖరున ఇద్దరు. ఒకరు ఫెన్నా, ఇంకొకరు అందరికంటే చిన్నదైన యెట్స్కె. చూస్తుండగానే వరుసకీ ఆ ఇద్దరికీ మధ్య ఖాళీ పెరిగింది. ఫెన్నా వేగం తగ్గించింది. ఇంకా తగ్గించింది. తల పక్కకి వాల్చింది.

‘అయిపోయింది, ఆగిపోతోంది’ అనుకున్నాడు డెర్క్. అంతే, ఇంకేమీ ఆలోచించలేదు. పిల్లలందరినీ దాటుకుని రయ్యిన ముందుకు పోయి, రోడ్డు వారగా కారు ఆపి, తలుపు తీశాడు. ఏ చేత్తో తీశాడో వేరే చెప్పాలా?

కారును తప్పించి పక్కనుంచి పోబోతున్న మెన్నో ఆ తలుపు అంచుకి తగిలి రోడ్డు దాటి అవతలి గడ్డిలో పడ్డాడు. సైకిలు ముందు చక్రం వేయించిన అప్పడంలా వంకర తిరిగింది. వెనకాల బ్రేకులన్నీ కీచుమన్నాయి. డెర్క్ పరుగెత్తుకెళ్లి బురదలో మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“ఒరే నాయనా, మెడ తిప్పు. చెయ్యి కదుపు. ఎక్కడ తగిలింది? మాట్లాడరా!”

మెన్నో లేచి కూర్చుని, నాలుకతో పళ్లు తడుముకుని, అన్నీ ఉన్నాయని తేలాక ఆయన వైపు చూశాడు.

“మాస్టారూ... ఎడంచెయ్యి.”

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఒకరి తర్వాత ఒకరు, ఆ వానలో పిల్లలందరూ పడీపడీ నవ్వారు. డెర్క్ నవ్వలేకపోయాడు. సిగ్గుతో ఆయన మెడ దాకా ఎర్రబడింది.

“తప్పు నాదేరా. మొత్తం నాదే” అన్నాడు.

“గడ్డి మెత్తగానే ఉందిలెండి. చక్రమే పోయింది.”

ఇంతలో ఫెన్నా, యెట్స్కె వచ్చి చేరారు. డెర్క్ కారు వెనక సీట్లు మడిచి, వంకర సైకిలు లోపలికి తోశాడు. ఇక ఆయన పక్క సీటు ఒక్కటే మిగిలింది. ఆయన కళ్లు మాత్రం కూతురి మీదే ఉన్నాయి. పిల్ల పెదాలు చలికి నీలంగా కనిపించాయి.

“ఫెన్నా, సైకిలు ఆ గట్టున పెట్టి కారెక్కు. మెన్నోకి ఇంకో కారు పిలుస్తా. మాటంటే మాటే. నువ్వు ఆగిపోయావు, నా కళ్లతో చూశా.”

“నేనా ఆగింది?” ఫెన్నా గొంతు గాలిని మించిపోయింది. “యెట్స్కె అందుకోలేకపోతోందని నేను వెనక్కి తగ్గా నాన్నా. దాని వీపు మీద చెయ్యి వేయబోతున్నా. నువ్వేమో పక్కనుంచి దూసుకుపోయి ఇద్దర్నీ నీళ్లతో ముంచావు!”

“నువ్వు... దానికి చెయ్యి వేస్తావా?”

“రోజూ వేస్తా. ఆ సీటు మెన్నోది. నువ్వు పడగొట్టింది వాణ్ని, నన్ను కాదు.”

అంటూనే ఫెన్నా సైకిలెక్కింది. మెన్నో స్థానంలోకి ఇంకో పొడుగు పిల్ల జరిగింది, వరుస మళ్లీ కట్టుకుంది, గుంపు కదిలింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మెన్నో బురద బట్టలతోనే ఆ వెచ్చటి సీటులో కూర్చుని, జేబులోంచి ఆపిల్ తీసి కొరికాడు. డెర్క్ బండి కదిలించి పిల్లల వెనకే, సైకిలు వేగంతోనే నడిపాడు. ఇప్పుడు అంతా స్పష్టంగా కనిపిస్తోంది. ఫెన్నా ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకుని, కుడిచెయ్యి యెట్స్కె రెండు భుజాల మధ్య పరిచింది. తొయ్యడం కాదది, ఆనించడం. ఆ చెయ్యి పడగానే చిన్నదాని నడుం నిటారైంది. కాసేపటికి ముందు నుంచి ఒక అబ్బాయి వెనక్కి జారి వచ్చి ఫెన్నా వీపు మీద తన చెయ్యి పెట్టాడు. ముగ్గురూ ఒక వరుసలో, ఒకే వేగంతో సాగిపోతున్నారు.

“ఎన్నాళ్ల నుంచి?” అని అడిగాడు డెర్క్.

“ఏది, ఇదా? మొదటి వారాల్లో ఫెన్నాకే వేసేవాళ్లం. పెద్ద కాలువ వంతెన ఎక్కేటప్పుడు రోజూ దానికి ఊపిరందేది కాదు. ఎవరు పక్కనుంటే వాళ్లు వేసేవాళ్లం. ఇప్పుడు దానికి అక్కర్లేదు. ఇవాళంటే గాలి మరీ ఎక్కువ కదా.”

“నువ్వు కూడా వేశావా?”

“నేనే ఎక్కువ వేశా. నా చేతులు పొడుగు కదా మాస్టారూ.”

డెర్క్ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఇన్నాళ్లూ పిల్లను తాను కాపలా కాస్తున్నాననుకున్నాడు. అంత వెనకాల, మూసిన అద్దాల మధ్య కూర్చుని తాను కాసిందేమీ లేదు. ఎవరెవరి బిడ్డలో ఒక్కో చెయ్యి ఆనించి తన బిడ్డను గాలి దాటించారు. ఊపిరందని రోజుల్లో కూడా అది ఇంటికొచ్చి నవ్వుతూ రొట్టె తిన్నదంటే, అదంతా వీళ్ల చలవే. మెన్నో మర్యాద తెలిసినవాడిలా కిటికీ వైపు తిరిగి ఆవుల్ని చూస్తూ కూర్చున్నాడు.

“థాంక్స్‌రా మెన్నో” అన్నాడు డెర్క్.

“దీనికి థాంక్స్ చెప్పరు మాస్టారూ. మీరూ ఈ దారినే బడికి పోయారంట కదా, మా తాత చెప్పాడు. చెయ్యి పడ్డవాడు తర్వాత ఇంకొకడి వీపు మీద వేస్తాడు. అక్కడికి సరి.”

నిజమే. డెర్క్‌కి గుర్తొచ్చింది. తన వీపు మీద కూడా ఎన్ని చేతులు పడ్డాయో. ఎవరివని వెనక్కి తిరిగి చూసింది కూడా లేదు. వాళ్లలో సగం మంది పేర్లు కూడా ఇప్పుడు తెలియవు.

“నువ్వన్నది నిజమే” అన్నాడు ఆయన. “కానీ కారులో కూర్చున్నవాడికి ఎవడి వీపు అందుతుందిరా? నేను తీసుకున్నదే కానీ మళ్లీ ఇచ్చే దారి లేదు. అందుకని నోటితోనే చెప్తున్నా. కాదనకు, తీసుకో.”

మెన్నో చెవులు ఎర్రబడ్డాయి. నమలడం ఆపాడు. కొంచెంసేపు చేతిలోని ఆపిల్‌ను అటూ ఇటూ తిప్పాడు.

“సరే మాస్టారూ” అన్నాడు మెల్లగా. “తీసుకున్నా.”

ముందు పిల్లలు వంతెన ఎక్కుతున్నారు. డెర్క్ ఇంకా నెమ్మదించాడు.