నాలుగు మగ్గాల సుబల్

సుబల్ చద్దన్నంలో ఉల్లిపాయ నలుపుకుని రెండు ముద్దలు తిన్నాడు. మూడోది నోటిదాకా తెచ్చి పళ్ళెంలోనే వదిలేశాడు. ఎడమ భుజం మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది.

"గ్యాసు," అంది ఛాయ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే. "రాత్రి మినప్పప్పు వద్దంటే విన్నావా?"

"భుజంలో గ్యాసేంటే?"

"ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పోతుంది. నీ బుర్రలోకి ఎక్కలేదు, సంతోషించు."

గంగ ఒడ్డున ఆ మిల్లు కూలీల లైను ఇళ్ళలో అన్నీ గ్యాసే. మోకాలు పట్టేసినా గ్యాసే, నిద్ర పట్టకపోయినా గ్యాసే. సుబల్‌కి జ్యేష్ఠమాసం నుంచి నిద్ర లేదు. మందుల కొట్లో గులాబీరంగు మందు కొనుక్కుని సీసాలకి సీసాలు తాగుతున్నాడు. భార్య ఇచ్చిన వాము నోట్లో వేసుకుని, సైరను ఆగేలోగా జూట్ మిల్లు గేటు దాటాడు.

నేత షెడ్డులో మాట వినపడదు. మగ్గాలన్నీ ఒక్కసారి కొట్టుకుంటుంటే చెవిలో నోరుపెట్టి అరిచినా అంతే. అందుకని నేతగాళ్ళు చేతులతో, పెదాలతో మాట్లాడుకుంటారు. టీకి పోదామా అనడానికి ఒక సైగ, ఓవర్సీరు వస్తున్నాడనడానికి ఒకటి, అతని నడకని వెక్కిరించడానికి ఇంకొకటి. ఎదుటి వరసలో ఉండే హారాధన్‌తో సుబల్ కుర్రతనం నుంచీ అలాగే మాట్లాడాడు. హారాధన్ తల్లి పోయిన కబురు కూడా మగ్గాల మధ్య చేతులతో చెప్పిందే.

జ్యేష్ఠంలో ఓవర్సీరు చక్రవర్తి బాబు సుబల్‌ని పిలిచి, ఇకనుంచి రెండు కాదు, నాలుగు మగ్గాలు చూడమన్నాడు. అలా అడిగితే ఒప్పుకోకూడదని షెడ్డంతా అప్పటికే ఒట్టు పెట్టుకుంది. కాదంటే రేపటినుంచి రావద్దన్నాడు బాబు. సుబల్ తలూపాడు. అతనికి వచ్చిన రెండు మగ్గాలూ గోష్ఠవి. గోష్ఠ, హారాధన్ బావమరిది. ఇప్పుడు స్టేషను మెట్లమీద నిమ్మకాయలు అమ్ముతున్నాడు.

ఎవరూ సుబల్‌ని కొట్టలేదు. చూడడం మానేశారు. ఆ షెడ్డులో చూడకపోతే మాట లేనట్టే. అతను చెయ్యెత్తితే అందరూ తలలు దించుకుంటారు. టీ దగ్గరికి వెళ్తే బల్ల ఖాళీ అవుతుంది. "నాలుగు మగ్గాల బాబుగారొచ్చారు, లేవండ్రా," అన్నదొక్కటే ఇన్ని నెలల్లో అతని చెవిన పడ్డ మాట.

ఆ రోజు టీ వేళకి సుబల్ ఓవర్సీరు గదికి వెళ్ళాడు.

"బాబూ, నావల్ల కాదు. గోష్ఠ మగ్గాలు గోష్ఠకిచ్చెయ్యండి."

"ఒంట్లో బాగోలేదా?"

"గ్యాసండీ. దానిక్కాదు. నాకు రెండు చాలు."

చక్రవర్తి బాబు అతన్ని చూశాడు. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"సరే. సోమవారం నుంచి రమ్మను వాణ్ణి. మళ్ళీ మనసు మార్చుకుని నా దగ్గరికి రాకు."

సుబల్ గబగబా మగ్గాల దగ్గరికి వచ్చాడు. హారాధన్ వైపు తిరిగి గోష్ఠ మగ్గాలు చూపించాడు. గేటు వైపు చూపి, లోపలికి రమ్మన్నట్టు అరచెయ్యి ఆడించాడు. హారాధన్ తెగిన పోగు ముడేస్తున్నాడు. ముడి పడింది. తల ఎత్తలేదు. సుబల్ మళ్ళీ చూపించాడు. ఎడమ చెయ్యి లేవలేదు, కుడిచేత్తోనే చూపించాడు. "హారూ, ఒక్కసారి ఇటు చూడరా," అని పెదాలు కదిపాడు. తర్వాత మగ్గం చట్రం పట్టుకుని నేలమీద కూర్చున్నాడు.

అతను కూర్చోవడం ఓరకంట కనిపించిందని హారాధన్ తర్వాత చెప్పాడు. నాటకం అనుకున్నాడట.

వరసల మీద అజమాయిషీ చేసే లైను సర్దార్ వచ్చి భుజం తట్టేదాకా ఎవరూ అటు వెళ్ళలేదు. తడితే పక్కకి ఒరిగాడు.

మిల్లు ఆసుపత్రిలో డాక్టరు సుబల్ నాడి వదిలేసి, దుప్పటి ముఖం మీదికి లాగి హారాధన్‌ని అడిగాడు.

"గుండెజబ్బు ఉందని ఎప్పుడైనా చెప్పాడా?"

"లేదండి. గ్యాసని వాళ్ళావిడ అనేదట."

"పోనీ, మనసులో ఏదైనా బెంగ?"

హారాధన్ భుజం మీది గంచా తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "తెలీదండి. మేం మాట్లాడుకోం."

గుమ్మంలో నిలబడ్డ చక్రవర్తి బాబు గొంతు తగ్గించి అన్నాడు. "మీ గోష్ఠని సోమవారం దాకా ఆగద్దను. రేపే రమ్మను."

"గోష్ఠనా?"

"వాడి మగ్గాలు వాడికిచ్చెయ్యమని ఇందాకే అడిగి వెళ్ళాడుగా సుబల్. నీకు చెప్పలేదా?"

హారాధన్ షెడ్డులోకి తిరిగి వచ్చాడు. సుబల్ మగ్గాల్లో మూడు, పేక అయిపోగానే వాటంతటవే ఆగిపోయాయి. నాలుగోదాన్ని ఆపాల్సిన మీట అరిగిపోయి ఉంది. అది ఇంకా ఆడుతోంది. హారాధన్ చేత్తో ఆపాడు. నేసిన గోనెగుడ్డ తర్వాత బారెడు మేర పేక లేదు, ఉత్త పడుగు పోగులే ఉన్నాయి.