నాలుగో అంతస్తు కథ

ఊళ్లో అందరికీ పిన్ని అయిన లైబ్రేరియనుకు ఒక పిచ్చి ఉంది. తాను ప్రాణంగా చదువుకున్న నవలలోని మాయా గడియారం టవరు తమ ఊరి టవరేనని ఆవిడ నమ్మకం. మెట్లు నూట పన్నెండు, నవలలోనూ అంతే, ఇంకేం కావాలి! రెండేళ్లుగా ప్రతి ఆదివారం జనాన్ని వెంటేసుకుని టవరెక్కించి, అంతస్తుకో పేజీ చదివి వినిపిస్తోంది.

మున్సిపల్ ఇంజనీరుకు ఇది సుతరామూ నచ్చలేదు. పనికిమాలిన కథల కోసం కాపలా మనిషిని పెట్టలేనని, టవరు మూసేస్తానని తేల్చేశాడు. రాసినావిడే వచ్చి ఇదేనని చెబితే తప్ప వినేది లేదన్నాడు. పిన్ని ఊరుకుంటుందా? రచయిత్రికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి రప్పించింది.

తీరా ఆవిడ టవరు కింద నిలబడి, "నేనీ ఊరు రావడం ఇదే మొదటిసారండీ. ఆ టవరు నా ఊహ," అంది.

ఇంజనీరు ముఖం వెలిగిపోయింది. పిన్ని మాత్రం ఇంతమందికి రెండేళ్లు అబద్ధం చెప్పానా అని సిగ్గుతో చచ్చిపోయింది. అయినా గట్టి మనిషి. అందరికీ క్షమాపణ చెప్పుకుని, ఎలాగూ వచ్చారు కాబట్టి ఒక్కసారి ఎక్కి చూడమంది.

ఎక్కారు. మూడంతస్తుల దాకా పేజీలు చదివింది. నాలుగో అంతస్తులో అందరూ ఆయాసంతో కూలబడ్డారు. పిన్ని అలవాటు కొద్దీ పుస్తకం మూసేసి చెప్పడం మొదలుపెట్టింది. మనుషులు తనని ఇంతలా పరుగు పెట్టించి ఏం చేసుకుంటున్నారో చూద్దామని, నిమిషాల ముల్లు ఒకరోజు గడియారం దిగి ఊళ్లోకి నడిచిందట.

"ఇది నేను రాయలేదే," అంది రచయిత్రి.

పిన్ని నాలుక కరుచుకుంది. జనం ఊపిరి తీసుకునేటప్పుడు ఊరికే ఉండటమెందుకని తానే అల్లానని ఒప్పేసుకుంది.

రచయిత్రి మెట్టు మీద చతికిలబడింది. "అయితే ఇది మీ టవరే, నాది కాదు. చెప్పండి, ఆ ముల్లు ముందు ఎక్కడికెళ్లింది?"

పిన్నికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "మున్సిపల్ ఆఫీసుకి. కిటికీలోంచి తొంగి చూసి..." అని ఆపేసింది.

ఇంజనీరు మెడ చాచి వింటున్నాడు. "చూసి?" అన్నాడు.

"మిగతాది వచ్చే ఆదివారం. టవరు తెరిచి ఉంటే."

జనం గొల్లుమన్నారు. ఇంజనీరు రచయిత్రి పక్కనే చోటు చూసుకుని కూర్చున్నాడు.

"తెరిచే ఉంటుంది పిన్నీ. ఇప్పుడే చెప్పు."