నాలుగున్నరో అంతస్తు

గచ్చిబౌలిలో అద్దాల మేడలు చాలా ఉన్నాయి. అందులో ఒక మేడకు వెనకవైపు సామాన్ల లిఫ్టు ఉండేది. పొద్దున ఆఫీసు బస్సులు వచ్చి ముందుగేటు దగ్గర ఉద్యోగులను దించే వేళకు ఈ వెనక లిఫ్టు ఎన్నోసార్లు పైకీ కిందికీ తిరిగేసేది. నీళ్ల డబ్బాలు, క్యాంటీను పాలు, కూరగాయల బుట్టలు, చెత్త సంచులు అన్నీ దాంట్లోనే. నాలుగో అంతస్తు దాటాక, ఐదు రాకముందు, అది ఒకసారి ఆగేది. తలుపు తెరుచుకునేది. అక్కడ బ్రిటన్‌లోని వేల్స్ దేశపు పల్లె ఒకటి ఉండేది.

ఇది ఎప్పుడు మొదలైందో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. మొదట్లో ఉద్యోగులు గుంపులుగా వచ్చి ఫొటోలు తీసుకున్నారు. అక్కడ ఫోను సిగ్నల్ అందదని తెలిశాక రావడం తగ్గించారు. ఐదో అంతస్తులో పనిచేసే శ్రీలత ఒకసారి ఊరి బోర్డు చదవబోయి, ఆ పేరు ఎంతకీ పూర్తి కాకపోవడంతో మధ్యలో వదిలేసింది. అందుకని అందరూ ఆ ఊరిని నాలుగున్నర అనేవారు. "నాలుగున్నరలో వాన పడుతోంది, గొడుగు పట్టుకెళ్లు" అని క్యాంటీను వాళ్లు ఒకరికొకరు చెప్పుకునేవారు. బయట మే నెల ఎండకు రోడ్డు కరుగుతుంటే లిఫ్టులోంచి దిగినవాళ్ల జుట్టు తడిసి ఉండేది.

ఊరంటే పెద్ద ఊరేం కాదు. బూడిదరంగు పలకరాతి కప్పుల ఇళ్లు ఓ ఇరవై ఉంటాయేమో. కొండవాలు మీద ఒక చిన్న ప్రార్థనాలయం. ఒక దుకాణం, అందులోనే పోస్టాఫీసు. ఒక బడి. రెండు పొదల వరుసల మధ్య సన్నటి రోడ్డు. ఎదురెదురుగా రెండు కార్లు వస్తే ఒకరు చాలా దూరం వెనక్కి పోవాల్సిందే. ఎవరు పోవాలన్న పేచీ అక్కడ ఎప్పుడూ రాలేదు, ఇద్దరూ నవ్వుకుంటూ వెనక్కే పోయేవారు. రోడ్డు మీద తెల్లటి అక్షరాలతో రెండు భాషల్లో ఏదో రాసి ఉండేది. 'మెల్లగా' అని రాశారని శ్రీలత చెప్పింది. మిగిలినదంతా పచ్చదనమూ, గొర్రెలూ.

ఆ గొర్రెల వల్లే అక్కడ సెక్యూరిటీ పోస్టు పుట్టింది. ఒకరోజు రెండు గొర్రెలు లిఫ్టెక్కి ఐదో అంతస్తు మీటింగు గదిలోకి వచ్చి, వీడియో కాల్ నడుస్తుండగా అందరి వెనకా నిలబడ్డాయి. అవతలి క్లయింటు ఏమీ అడగలేదు. కానీ కార్పెట్ పాడైంది. దాంతో మేడ నిర్వహణ చూసే భీమేశ్వరరావు గారు ఏజెన్సీకి చెప్పి ఒక గార్డును వేయించారు. గొర్రెలు ఇటు రాకుండా, ఉద్యోగులు అటు తప్పిపోకుండా చూడటం అతని పని. లిఫ్టు తలుపు అవతల, రాతిగోడ పక్కన, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కుర్చీ దాటి ఒక్క అడుగు కూడా వేయొద్దని ఏజెన్సీ ఆర్డరు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు చంద్రయ్య.

చంద్రయ్యది పాలమూరు. చిన్నప్పుడే పట్నం వచ్చి, జీడిమెట్లలో ఒక రంగుల కంపెనీలో డ్రమ్ములు నింపే పనిలో చేరాడు. వయసంతా అక్కడే గడిచిపోయింది. మూతికి గుడ్డ కట్టుకుని పనిచేసినా, సాయంత్రం ఉమ్మితే ఆ రోజు ఏ రంగు నింపారో తెలిసేది. కంపెనీ మూతపడ్డాక సెక్యూరిటీలో చేరాడు. ముందుగేటు దగ్గర కార్లకు అడ్డం పరిగెత్తాలంటే ఊపిరి ఆడదు, నాలుగు మాటలు మాట్లాడితే దగ్గు. ముందుగేటుకు పనికిరాడని ఏజెన్సీ సూపర్‌వైజర్ అతన్ని తెచ్చి నాలుగున్నరలో కూర్చోబెట్టాడు.

మొదటిరోజు లిఫ్టు అతన్ని దించేసి వెళ్లిపోయింది. చంద్రయ్య కుర్చీలో కూర్చుని, అలవాటుగా పొట్టి ఊపిరి ఒకటి తీయబోయాడు. ఊపిరి లోపలికి పోయింది. పోతూనే ఉంది. ఇది ఎంతవరకు పోతుందోనని అతను భయపడ్డాడు. రొమ్ములో ఇన్ని గదులున్నాయని, వాటి తలుపులు ఇంకా తెరుచుకుంటాయని అతనికి తెలియదు. తడిగడ్డి వాసన, కట్టెల పొగ, దూరంగా ఏటి చప్పుడు. కళ్లు తుడుచుకుని టోపీ సరిచేసుకున్నాడు. డ్యూటీలో ఉన్నాడు కదా.

ప్రగతి నగర్‌లో వాళ్లది ఒక్క గది కిరాయి ఇల్లు. అతనూ, భార్య ఈరమ్మా. పిల్లలు లేరు. ఈరమ్మ అదే మేడలో హౌస్‌కీపింగ్ చేసేది. రాత్రిళ్లు చంద్రయ్య గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఈరమ్మ వీపు రుద్దుతూ కునికిపాట్లు పడేది.

"ఏందయ్యా, ఇయ్యాల పొద్దుగాల్నుంచి ఒక్కపారి గూడ దగ్గలే నువ్వు. రోజు మూడో అంతస్తు కాడికి ఇనబడ్తుండె నీ దగ్గు" అంది ఆమె ఆ మొదటిరోజు బస్సులో.

"ఆడ గాలి మంచిగున్నదే" అన్నాడు చంద్రయ్య.

బస్సు జీడిమెట్ల వైపు మళ్లే రోడ్డు చేరేసరికి దగ్గు మళ్లీ మొదలైంది.

పెద్ద దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. "తాతా, మందులు రాస్తాను గానీ అసలు మందు మంచిగాలి. ఎక్కడైనా పల్లెకు వెళ్లిపో. ఈ గాలిలో నువ్వు ఇంకో చలికాలం దాటడం కష్టం" అంది.

పాలమూరులో వాళ్లకు ఇల్లూ లేదు, భూమీ లేదు. పగలంతా నాలుగున్నరలో కూర్చుంటున్నాడు గనక, అదే వైద్యమనుకుని నెట్టుకొచ్చారు.

అలా అన్ని రుతువులూ కుర్చీలోంచే చూశాడు చంద్రయ్య. ఇక్కడ అన్నాలవేళకు అక్కడ పొద్దుటి బడిగంట కొట్టేవారు. పసుపు కోట్లు వేసుకున్న పిల్లలు అతని ముందు నుంచి పోతూ "బోరె దా" అనేవారు. వాళ్ల భాషలో పొద్దుటి దండమట. అతనూ "బోరె దా" అని చేయెత్తేవాడు. ప్రార్థనాలయం మెట్లు ఊడ్చే మైర్ అనే ముసలమ్మ మూత ఉన్న గ్లాసులో పాలు పోసిన టీ తెచ్చి ఇచ్చేది. ఆమె తన భాషలో ఏదో చెప్పేది. అతను తెలంగాణ తెలుగులో జవాబిచ్చేవాడు. టీలో చక్కెర వేయడం మాత్రం ఆమెకు నేర్పాడు. ఎమ్రిస్ అనే రైతు ఈల వేస్తే కుక్క కొండమీదికి బాణంలా పోయి, చెల్లాచెదురైన గొర్రెలన్నిటినీ తెల్లటి గుడ్డ మడత పెట్టినట్టు మడిచి తెచ్చేది. ప్రతి గొర్రె వీపు మీదా నీలంరంగు గుర్తు. అది చూసినప్పుడు చంద్రయ్యకు రంగు మీద కోపం పోయేది.

మంచు పడ్డ రోజు క్యాంటీను వాళ్లు స్టీలు గ్లాసులు పట్టుకుని పైకొచ్చారు. ఈరమ్మ తుడుపు కర్ర పట్టుకుని వచ్చి, అది పక్కన పెట్టి, రెండు చేతులూ చాచి నిలబడిపోయింది. అరచేతుల్లో తెల్లటివి పడి నీళ్లవుతున్నాయి. ఊరంతా చప్పుడు లేకుండా తెల్లబడుతోంది. కప్పులు, గోడలు, గొర్రెలు. గొర్రెలు మంచులో కలిసిపోయి వీపు మీది నీలం గుర్తులొక్కటే నడుస్తున్నాయి.

"ఇదంత తుడ్వమంటడేమో మీ సారు" అంది చివరికి మెల్లగా.

అక్కడి వాళ్లు కూడా గోడలో తలుపు తెరుచుకోవడం గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. ఒకసారి ఎమ్రిస్ లిఫ్టులోకి తలపెట్టి చూసి, గ్రీజు వేయాలన్నట్టు సైగ చేసి వెళ్లాడు, అంతే.

వానాకాలం ముందు భద్రతా తనిఖీ జరిగింది. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగుతోందని, అది లోపమని, పాతది పీకేసి కొత్తది పెట్టాలని తనిఖీ వాళ్లు తేల్చారు.

భీమేశ్వరరావు గారిది అమలాపురం. మెత్తని మనిషి. కబురు చెప్పడానికి ఆయనే పైకొచ్చారు.

"ఏం చేస్తామయ్యా చంద్రయ్యా. ఊరుందండీ, మనుషులున్నారండీ అని చెప్పాను. ఉంటే ఉండనీండి, లిఫ్టు అక్కడ ఆగకూడదన్నారు. రూలు అంతేనట."

"మరి నా పోస్టు సార్?"

"బేస్‌మెంట్ పార్కింగ్‌లో వేస్తామన్నారు."

బేస్‌మెంట్ అంటే రోజంతా కార్ల పొగ. చంద్రయ్య తల ఊపాడు. ఆ రాత్రి ఈరమ్మ వీపు రుద్దుతూ, "చలికాలం ఇగ ఎంత దూరమున్నదయ్యా?" అని అడిగింది. అతను నోరు తెరిచాడు. చెప్పడానికి ఊపిరి లేదు.

లిఫ్టు పీకే రోజు వచ్చింది. సాయంత్రం పని మొదలుపెడదామని మెకానిక్కు గిరీష్ సామాను సర్దుకుని పైకొచ్చాడు. వెంట భీమేశ్వరరావు గారు, ఆయన పిలుపు మీద ఈరమ్మ. నాలుగున్నరలో సన్నటి తుంపర పడుతోంది. చంద్రయ్య కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు.

"రావయ్యా బాబూ, లిఫ్టెక్కు. కుర్చీ కూడా తెచ్చెయ్" అన్నారు భీమేశ్వరరావు గారు.

"రిలీవర్ రావాలె సార్."

సెక్యూరిటీలో అది మొదటి పాఠం. బదులు మనిషి వచ్చి ఛార్జి తీసుకునేదాకా పోస్టు వదలకూడదు. ఇంట్లో ఏం జరిగినా, కడుపులో ఎంత ఆకలున్నా సరే. చంద్రయ్య ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు.

భీమేశ్వరరావు గారు కిందికి పోయి ఏజెన్సీకి ఫోను చేసి తిరిగొచ్చారు. "పోస్టే రద్దయిందట. లేని పోస్టుకు రిలీవర్ని ఎలా పంపుతామంటున్నారు."

"రిలీవర్ రానిది నేనెట్ల దిగుత సార్? ఇన్నేండ్లు చేసిన నౌకరీకి ఇదొక్కరోజు మచ్చెందుకు?"

"అంకుల్, మీ బాధ అర్థమైంది కానీ నేను బేరింగులు విప్పాలి" అన్నాడు గిరీష్ ఇబ్బందిగా.

ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఆపుతున్నది లిఫ్టును కాదని, చలికాలాన్నని ఆమెకొక్కదానికే తెలుసు. కానీ ఎంతసేపు ఆపుతాడు?

లిఫ్టు గంట కొట్టింది. కిందికి పోయి మళ్లీ పైకొచ్చింది. తలుపు తెరుచుకుంటే లోపల వీరేశం. చంద్రయ్యను రోజూ రాత్రి డ్యూటీకి విడిపించేవాడు అతనే. ఈరోజు ఏజెన్సీ అతన్ని రావద్దంది. అయినా ఇస్త్రీ యూనిఫారం వేసుకుని, బైక్ ట్యాక్సీ మీద వచ్చినట్టున్నాడు, జుట్టంతా దుమ్ము.

అతను బూటు నేలకేసి కొట్టి సెల్యూట్ చేశాడు. "చంద్రన్నా, ఛార్జి తీస్కున్న. నీ డ్యూటీ అయిపోయింది."

చంద్రయ్య లేచి నిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. లిఫ్టు వైపు ఒక అడుగు వేశాడు.

"గటు యాడికన్నా?" అన్నాడు వీరేశం. "డ్యూటీ అయినంక మనిషి ఏ దిక్కు పోతే ఏజెన్సీకేం పని? కుర్చీ దాటొద్దనే ఆర్డరు డ్యూటీల ఉన్నోనికే గద."

చంద్రయ్య కుర్చీ వైపు చూశాడు, తర్వాత దాని అవతల మొదలయ్యే రోడ్డు వైపు.

"మరి నీ సంగతేంది? నిన్నెవరు రిలీవ్ చేస్తరు?"

"నాకు డ్యూటీ యాడిదన్నా? ఏజెన్సీ పంపలేదాయె నన్ను. నేను ఊకెనే వచ్చిన."

భీమేశ్వరరావు గారు గొంతు సవరించుకుని గిరీష్ భుజం మీద చెయ్యేశారు. "రండి, ఓ టీ తాగి వద్దాం. తడిలో పనేం చేస్తారు లెండి" అంటూ అతన్ని లిఫ్టులోకి నడిపించి, గోడవైపు తిరిగి నిలబడ్డారు. వీరేశం కుర్చీ ఎత్తుకున్నాడు.

ఈరమ్మ యూనిఫారం కోటు విప్పి నాలుగు మడతలు పెట్టి వీరేశం చేతికిచ్చింది. "మా సూపర్‌వైజర్ మేడంకియ్యి తమ్మీ. ఉతికిందే అని చెప్పు." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, ఆడ బియ్యం దొరుకుతయా?"

"దుకాణముంది. అడుగుదాం."

"ఏ భాషల అడుగుతవు?"

"ఇన్ని గొర్లున్న ఊర్ల నాకు పని దొరకదా, నీకు బువ్వ దొరకదా? నడువే."

వీరేశం కూడా ఎక్కాక, వాళ్ల వెనక లిఫ్టు తలుపు మూసుకుంది. లోపల ఏదో ఖణేలుమంది, కిందికి దిగిపోయిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత అక్కడ రాతిగోడ ఉంది, గోడమీద నాచు ఉంది. చంద్రయ్య ఒకసారి దాన్ని చేత్తో తడిమి చూశాడు.

దారిలో మైర్ గొడుగేసుకుని నిలబడి ఉంది. వాళ్లు వస్తారని ఎప్పటినుంచో చూస్తున్నదానిలా తల ఊపి, గొడుగు ఈరమ్మకిచ్చి, ముందు నడిచింది. కొండవాలు మీద ఒక ఇంటి పొగగొట్టంలోంచి అప్పుడే పొగ లేస్తోంది.

ఎత్తు బాగానే ఉంది. చంద్రయ్య ఎక్కుతూ పోయాడు. పొదలకు పూసిన తెల్లపూల మీది నీళ్లు చొక్కాను తడుపుతున్నాయి, గొర్రెలు గోడ మీంచి తలలెత్తి చూస్తున్నాయి, లోయ నిండా మేఘం దిగి మళ్లీ విడిపోతోంది. మొదటి మలుపు దాటాడు, రెండోదీ దాటాడు.

"ఓ అయ్యా, జర ఆగరాదు!" వెనక నుంచి ఈరమ్మ కేక వేసింది. నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది. "నాకు దమ్మొస్తున్నది!"

చంద్రయ్య ఆగాడు. ఆమె వచ్చేదాకా ఆ వానలో నిలబడి, ఊరికే ఊపిరి తీస్తూ ఉన్నాడు.