బావ ఫోనుకొచ్చిన ఓటీపీ

బావ చొక్కా మీది పసుపు మరకకి సబ్బు రుద్దగానే అది ఎర్రబడింది. పెళ్ళయి రెండు నెలలైనా ఆ రంగు మారడం చూస్తే నాకు నవ్వొస్తుంది. "ఎందుకట్ట అవుతాది అత్తా?" అంటే, "అయితే అవుతాదిలే. ఎండలో వెయ్, అదే పోతాది. అన్నిటికీ ఎందుకంటావేందే?" అంది అత్త.

అన్నిటికీ ఎందుకు అనడమే నేను చదవాలనుకున్న చదువు. ఒక మరకని పట్టుకుని అక్కడ ఏం జరిగిందో చెప్పడం! ఉదయగిరిలో పది అయ్యాక సైన్సు తీసుకుంటానంటే, ఆడపిల్లకి నెల్లూరు హాస్టలెందుకు, ఇక్కడే కామర్స్ చాలన్నారు మా పుట్టింట్లో. బీకాం అయ్యాక తెలిసింది, చెన్నైలో ఒక యూనివర్సిటీలో సైన్సు చదవనివాళ్ళకి ముందు ఒక ఏడాది ఫౌండేషన్ చెప్పి, ఆ తర్వాత కెమిస్ట్రీ, ఫోరెన్సిక్ సైన్సు చెబుతారని. పెళ్ళయిన వారానికి బావకి చూపించాను. "చదువుకో సాయీ, నేనున్నా కదా" అన్నాడు చెవిలో. రెండు రోజులు నా కాళ్ళు నేల మీద నిలవలేదు. దరఖాస్తులో ఫోన్ నంబరు దగ్గర మురిసిపోతూ బావ నంబరే వేశాను. కొత్తగా పెళ్ళయిన వాళ్ళం అందరం చేసే పనే అది.

సీటొచ్చింది. ఈరోజు సాయంత్రం అయిదులోపల ఒప్పుకోవాలి. నిన్న భోజనాల దగ్గర మామ, "డిగ్రీ అయిన పిల్లకి మళ్ళా మొదటేడా? అదీ శవాల చదువా?" అన్నాడు. బావ పప్పులో నెయ్యి కలుపుకుంటూ ఉండిపోయాడు. నేను గరిటె పట్టుకుని అతని నోటివైపే చూస్తూ నిలబడ్డాను. గదిలోకి వచ్చాక మళ్ళీ చెవిలో, "నాయన సంగతి నేను చూసుకుంటాలే." ఎంత తియ్యగా అంటాడో! ఆ చూసుకోవడం మాత్రం ఇంకా మొదలు కాలేదు.

నాలుగున్నరకి నా ఫోన్లో 'ఒప్పుకుంటున్నాను' నొక్కాను. ఓటీపీ బావ ఫోనుకి పోయింది. పది నిమిషాలే పనిచేస్తుందట. కొట్టులో ఉన్న బావకి ఫోన్ చేశాను.

"బావా, ఓటీపీ వచ్చింటాది, చెప్పు."

"నాయన పక్కనే ఉండాడు. రేపు చూద్దాంలే."

రేపు! మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

చెప్పులేసుకుని బయటపడ్డాను. "చీరన్నా మార్చుకోవే!" అని అత్త వెనకనుంచి కేకేసింది. ఆత్మకూరు బజారులో కొత్త కోడలు పనిచీరతో ఒక్కతే పరుగులాంటి నడక. మిరపకాయల కొట్టు నారాయణయ్య కంగారుపడి, "ఏందమ్మా, ఇంట్లో అందరూ బాగుండారా?" అన్నాడు. "బాగుండారు పెదనాయనా" అంటూనే దాటిపోయాను.

మా కొట్టులో చింతపండు బస్తాల మధ్య నలుగురు గిరాకీలు, గల్లాపెట్టె దగ్గర మామ. అందరూ తిరిగి చూశారు.

"ఏందమ్మా, ఏమైంది?" అన్నాడు మామ.

"యూనివర్సిటీ ఓటీపీ కావాలి మామా. బావ ఫోనుకొస్తాది."

మామ బావని చూశాడు. బావ తక్కెడని చూశాడు. మొదటిదానికి టైము అయిపోయింది. నేను మళ్ళీ నొక్కాను. నాలుగూ నలభై ఎనిమిది. బావ జేబులో ఫోను టింగుమంది.

అతను లేచి, మామకి వీపు పెట్టి నిలబడి, నా చెవి దగ్గరికి వంగాడు. "నాలుగు, తొమ్మిది, సున్నా..." ఊపిరి మెడ మీద వెచ్చగా తగిలింది. అంకెలన్నీ నాకు బాగానే వినిపించాయి.

ఒక అడుగు వెనక్కి వేశాను.

"వినపడలా బావా. మామకి కూడా వినపడేట్టు చెప్పు."