లేవకూడని రోజు

పిండి కలిపే బల్లను గౌరి తుడుస్తూనే ఉంది. బేకరీకి నేడు సెలవు; బల్ల మీద నలుసైనా లేదు; అయినా ఆమె చెయ్యి ఆగలేదు. కణుపులు ఉబ్బి, గోళ్ల అంచుల్లో మైదా గట్టిపడిన ఆ చెయ్యి ఆమెకంటే ముందే ముసలిదైంది.

యజమాని సాల్వతోరే వెనుకనుంచి వచ్చి గుడ్డ లాక్కున్నాడు.

"సిట్, గౌరీ! టుడే యూ క్వీన్."

"రాణిగారట!" అని గౌరి తెలుగులో గొణిగింది. "రాణి చేతులకి ఈ కాయలేమిటో, ముసలాయనా!"

అర్థం కాకున్నా ఆయన నవ్వాడు. నవ్వు దగ్గుగా మారి, చాలాసేపు ఆగలేదు.

ఆగస్టు పదిహేను. ఆయన పుట్టిన ఇటలీలో దానిని ఫెర్రగోస్తో అంటారు. వెనుకటి రోము చక్రవర్తి కోతలు ముగిశాక కూలీలకు విశ్రాంతి ఇచ్చాడట. ఎద్దులకు కాడి దించి పూలు చుట్టేవారట. తరువాత అదే మేరీమాత స్వర్గానికి చేరిన పండుగ అయింది. జనం సముద్రానికి పోతారు, పుచ్చకాయలు కోసుకుంటారు. సాల్వతోరే ఇంట మరొక ఆచారం: ఆనాడు యజమాని వడ్డించాలి, పనివాళ్లు లేవకూడదు.

గౌరి అమెరికాలోని ఈ శాంటా క్లారాకు వచ్చిన కొత్తలో ఈ బల్ల చుట్టూ పనివాళ్లు నిండుగా కూర్చునేవారు. ఈ 1984లో ఆమె ఒక్కతే మిగిలింది.

భర్త పోయాక తమ్ముడు నరసింహ ఆమెను ఇక్కడికి రప్పించాడు. అత్తవారింటా, తమ్ముడింటా ఆమెకు తెలిసింది వడ్డించడం, చివర గిన్నె అడుగున మిగిలింది తినడం. ఈ ఉదయం తమ్ముడి కుటుంబం జెండా పండుగకు వెళ్లింది. పులిహోర ఆమె చేతే కలిపించుకుని, "కార్‌లో ప్లేస్ లేదక్కా" అన్నాడు నరసింహ.

సాల్వతోరే పళ్లెం తెచ్చాడు. మాంసం తినదని ఆమె కోసం వేరే బాణలిలో వేయించిన వంకాయ. పళ్లెం ఒరిగి నూనె ఒలికింది. గౌరి చప్పున లేచి పళ్లెం అందుకోబోయింది.

ఆయన ముఖం వాడిపోయింది. "నో. వన్ డే, గౌరీ. గివ్ మీ వన్ డే."

ఆమె సిగ్గుపడి కూర్చుంది. "ఐ సిట్, సాల్. ప్రామిస్."

పుచ్చకాయ కోసి తెస్తానని ఆయన లోపలికి వెళ్లాడు. తన కోసం మరొకరు వండిన ముద్దను నాలుక మీద పెట్టుకుని గౌరి కళ్లు మూసుకుంది.

లోపల ఏదో మెల్లగా జారిన చప్పుడు.

"సాల్?"

గొంతు పెంచి పిలిచింది. కాళ్లు లేవమన్నాయి, ఇచ్చిన మాట కూర్చోమంది. మళ్లీ నొచ్చుకుంటాడేమో. ఇంకొంచెం చూద్దాం. కుర్చీ అంచు పట్టుకుని ఆమె చూసింది. పళ్లెంలో వంకాయ చల్లారిపోయింది.

చివరికి లేచింది.

గోడకు చేరగిలబడి, కోతల నడుమ కునుకు తీసిన కూలీలా ఉన్నాడాయన. చెయ్యి వెచ్చగానే ఉంది. ఊపిరి మాత్రం లేదు.

"లేచానయ్యా," అంది గౌరి. "కోప్పడవేం?"

గట్టు మీద పుచ్చకాయ; అందులో సగం దాకా దిగి, ఆగిపోయిన కత్తి.